విత్తనాలతో ప్రేమవిందు

ముందురోజు సాయంత్రం మంచి వాన పడింది. శనివారం చీకటితోనే మార్కాపురంలో బయలుదేరిన ఎజ్రా పెద్దారవీడు దాటేసరికి బాగా పొద్దెక్కింది. మిషన్ బడిలో లెక్కల పంతులుగా చేరినప్పటి నుంచి నెలకోసారి ఇట్లా ఇంటికి నడిచి రావడం అతనికి అలవాటు. దారికి రెండు పక్కలా రైతులు గొర్రు కట్టి సజ్జలు విత్తుతున్నారు. ఎద్దుల అదిలింపులు వింటూ హుషారుగా నడుస్తున్నవాడు తమ పాలెం చేల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. అక్కడ ఒక్క ఎద్దు కూడా లేదు. చేలన్నీ వాన పడ్డది పడ్డట్టే ఉన్నాయి.

మేకలు తోలుకుపోతున్న కాటమరాజు ఎదురుపడ్డాడు. "ఏంది అల్లుడా, మీ పాలెమోళ్లు ఈ ఏడు సేద్యం మానినారా? ఈ వాన పదును సోమవారం దాటి నిలవదు" అన్నాడు. ఎజ్రా ఎవరికైనా జబ్బు చేసిందేమోనని గబగబా ఇంటికి నడిచాడు.

ఇంటి ముందు తల్లి రోశమ్మ రోట్లో సజ్జలు దంచుతోంది. పక్కన మేనత్త గంగమ్మ చేటతో చెరుగుతోంది. గంగమ్మ అతని తండ్రికి చెల్లెలు. మొగుడు పోయాక అన్న ఇంటి పక్కనే గుడిసె వేసుకుని, తనకున్న మెట్ట చెక్కను తానే చేసుకుని బతుకుతోంది. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఇంట్లో అంతా బాగానే ఉందని ఎజ్రా కుదుటపడి, కాళ్లు కడుక్కుందామని చెంబు అందుకుంటూ చేటలోకి చూశాడు. గింజల్లో బూడిద, ఎండిన వేపాకు ముక్కలు కనిపించాయి. తిండిగింజల్లో ఎవరూ వేపాకు కలిపి దాచరు.

"అమ్మా, ఇవి విత్తనాలు గదా?"

"విత్తనాలే" అంది రోశమ్మ రోకలి ఆపకుండా. రేపు ఆరాధన తర్వాత గుడి దగ్గర అందరూ కలిసి తినే ప్రేమవిందు ఉందనీ, ఇంటింటి విత్తనాలూ దంచి రొట్టెలు చేయమని నాయన చెప్పాడనీ, గంగమ్మవి నిన్ననే అయిపోయాయనీ, మిగతా ఇండ్లవాళ్లు సాయంత్రానికి తెచ్చి పోస్తారనీ చెప్పింది.

"విత్తనాలు తినేస్తే ఏం విత్తుతారు?"

గంగమ్మ చేట దించి అతని ముఖంలోకి చూసింది. "విత్తేది ఎందుకు అబ్బాయా? కోతల్లోపలే ప్రభువు వస్తావుండాడు. లెక్క సరి అని చెప్పింది నువ్వే గదా. అంత చదువు చదివి అదే మరిచిపోయినావా?"

చేతిలో చెంబు ఉండగానే ఎజ్రా అరుగు మీద కూలబడ్డాడు.

అతని తండ్రి నిత్యానందం ఆ చుట్టుపక్కల పల్లెలకు మిషన్ ఉపదేశి. వానాకాలం బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలతోనే పరిశుద్ధ గ్రంథమంతా చదివినవాడు. ఒక్కగానొక్క కొడుకు బోధకుడు కావాలని ఆశపడ్డాడు. ఎజ్రా గుంటూరు కాలేజీలో లెక్కలు తీసుకుని బి.ఏ. అయ్యాడు. అది తెలిసిన నాటి నుంచి నిత్యానందం కొడుకుతో నేరుగా మాట్లాడటం మానేశాడు. ఇంటికి వస్తే, "వాణ్ణి అన్నం తినమను" అని భార్యకు చెప్పేవాడు. ఎజ్రా పక్కనే కూర్చుని ఆ మాట వినేవాడు. లెక్కలు చదివి కొడుకు దేవుణ్ణి పోగొట్టుకున్నాడని తండ్రి దిగులు. అది అబద్ధమని గట్టిగా చెప్పగలిగే ధైర్యం కొడుక్కూ లేదు.

అట్లాంటి తండ్రి మొన్న ఎండాకాలంలో ఒక పెద్ద పలక పట్టుకొచ్చి కొడుకు పక్కన కూర్చున్నాడు. ప్రవక్తలు చెప్పిన దినాలను సంవత్సరాలుగా మార్చి, రాజులు ఏలిన కాలాలు కూడి, ప్రభువు రాకడ ఏ ఏట వస్తుందో లెక్క కట్టాడు. "నువ్వు చూసి చెప్పు" అన్నాడు. ఎజ్రా చూశాడు. ఆ రాజుల్లో మొదటివాడి ఏలుబడి ఏ ఏట మొదలైందో తండ్రికి తెలియదు, తనకు తోచిన సంవత్సరం వేసుకున్నాడు. దినాన్ని ఏడాదిగా ఎందుకు తీసుకున్నాడో అంతకన్నా తెలియదు. ఎజ్రా ఆ రెండింటినీ అడగలేదు. చివర తీసివేతలో పక్క అంకె నుంచి తెచ్చుకున్న పదిని తండ్రి తగ్గించడం మరిచాడు. దాన్ని మాత్రం దిద్దాడు. ఇంకో పదేళ్లకు రావలసిన రాకడ ఈ ఏటికే వచ్చింది. "ఇప్పుడు సరిపోయింది నాయనా" అన్నాడు. తండ్రి అతని భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. ఆ చెయ్యి కోసం ఎజ్రా నోరు మూసుకున్నాడు. ముసలాయనకు తృప్తే గానీ ఇందులో ఎవరికి నష్టం అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

నిత్యానందం పల్లెలు తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. రోకలి ఆపమని తల్లికి చెప్పే ధైర్యం అందాకా ఎజ్రాకు చాలలేదు. కొడుకును చూసి ముఖం విప్పారింది. పాలెమంతా ఎంత ఆనందంగా ఉందో, తాతల నాటి పగలు మరిచి ఎవరెవరు కలుసుకున్నారో చెప్పుకుపోతున్నాడు. లెక్క మన ఎజ్రా దిద్దినాడంటే మారుమాట లేకుండా నమ్మారని గర్వంగా చెప్పాడు.

"నాయనా, ఈ విందు ఆపాల" అన్నాడు ఎజ్రా.

"ఎందుకు?"

"నేను దిద్దింది తీసివేత ఒక్కటే. నువ్వు మొదట వేసుకున్న సంవత్సరం నిజమో కాదో నాకు తెలీదు. నీకూ తెలీదు. మొదలు తప్పయితే చివర ఎంత సరిగ్గా చేసినా తప్పే."

నిత్యానందం తలపాగా విప్పి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. రోశమ్మ రోకలి ఆపింది.

"అయితే ఇదంతా అప్పుడే తెలుసు నీకు" అన్నాడు నిత్యానందం.

"తెలుసు."

"అప్పుడు ఎందుకు చెప్పకపోతివి?"

ఎజ్రా తల దించుకున్నాడు. కాలేజీలో ఎన్ని కఠినమైన ప్రశ్నలకు జవాబు రాసినా ఇంత కష్టం కాలేదు. "చెప్తే మళ్లీ నాతో మాట్లాడవని" అన్నాడు.

రోశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది. గంగమ్మ అక్కడే ఉంది. ఖాళీ అయిన తన విత్తనాల కుండను బోర్లించి, దాని మీద కూర్చుని, వాన తడి ఆరుతున్న తన చేను వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండునని ఎజ్రాకు అనిపించింది.

ఆ సాయంత్రం నిత్యానందం పాలెమంతా తిరిగి, విత్తనాలు ఎవరూ తెచ్చి పొయ్యొద్దనీ, రేపు గుడిలో మాట చెప్తాననీ కబురు చేశాడు. కొడుకుతో మాట్లాడలేదు.

ఆదివారం ఆరాధనలో, తండ్రి నోరు తెరవకముందే ఎజ్రా లేచి నిలబడ్డాడు. అందరికీ అర్థమయ్యేట్టు చెప్పాలని చేను కొలిచే మాట తీసుకున్నాడు. తాడు వేసి ఎంత జాగ్రత్తగా కొలిచినా, కొలత మొదలుపెట్టిన గట్టురాయి అసలు చోట లేకపోతే ఆ కొలతకు అర్థం లేదన్నాడు. ఈ లెక్కలో మొదటి రాయి ఎక్కడుందో తమలో ఎవరికీ తెలియదన్నాడు. అది తెలిసి కూడా సరి అన్నది తానేనని, తన డిగ్రీ చూసి వాళ్లు నమ్మారని కూడా చెప్పాడు.

సంఘపెద్ద దేవరాజు లేచాడు. "అయితే ప్రభువు రాడంటావా?"

"ఆ మాట నేను అనలేదు పెదనాయనా. ఫలానా ఏడాదని ఈ లెక్క చెప్పదు, అంతే."

గుడిలో గొణుగుడు మొదలైంది. బి.ఏ. పంతులు పూటకో మాట చెప్తాడా అని వెనక నుంచి ఎవరో ఎత్తిపొడిచారు. అప్పుడు నిత్యానందం కొడుకు పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"వాణ్ణి అనొద్దు. ఆ దినం ఎవురికీ తెలీదని ఇదే చోట నిలబడి నేనే ఎన్నోసార్లు చెప్పినాను. చెప్పి చెప్పి, నేనే తెలుసుకోవాలనుకున్నా. వాడు దిద్దింది అంకెను. ఆశపడింది నేను."

ఆరాధన అయ్యాక, అప్పటికే దంచిన రెండిళ్ల పిండితో చేసిన రొట్టెలు తెచ్చి తలా ఒక ముక్క పంచారు. ఎజ్రా తన ముక్కను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. గంగమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"తిను అబ్బాయా. నా చేను రొట్టె అది. పారేస్తే మాత్రం మొలుస్తాదా?"

అతను తిన్నాడు. కళ్లు తుడుచుకుంటూ నమిలాడు.

సాయంత్రం దేవరాజు భార్య దోసెడు సజ్జలు తెచ్చి గంగమ్మ కుండలో పోసింది. తర్వాత ఇంకొకరు కొర్రలు, మరొకరు జొన్నలు తెచ్చారు. ఎవరి దగ్గరా ఎక్కువ లేవు. నిత్యానందం ఇంటి విత్తనాలు కూడా పిండైపోయాయి కాబట్టి ఆ ఇంటికీ రెండు చేటలు వచ్చాయి. తండ్రి వాటిని గుమ్మం దాటనివ్వకుండా చెల్లెలి కుండలోనే పోయించాడు. ఈ ఏడు తమ చేను బీడు పెడదామన్నాడు. రోశమ్మ ఎదురు చెప్పలేదు. తన తప్పుకు తల్లి ఏడాదంతా కూలికి పోవలసి వస్తుందని ఎజ్రాకు అప్పుడు తెలిసింది. నెలనెలా జీతం పంపుతాను గదా అని నెమ్మదిగా అంటే, "పంపు, వద్దనను. నేను దాచిన విత్తనం అది గాదు గదా" అంది రోశమ్మ.

సోమవారం బడికి రాలేనని కబురు పెట్టి, ఎజ్రా తండ్రి వెంట మేనత్త చేనికి పోయాడు. దేవరాజు ఎడ్లు ఇచ్చాడు. నిత్యానందం గొర్రు పట్టుకుని ముందుకు నడిపితే, గింజలు దిగే జడ్డిగంలో ఎజ్రా పిడికిటితో విత్తనాలు వదులుతూ వెనక నడిచాడు. పైన పెళ్లలు అప్పుడే ఆరుతున్నాయి. లోపల తడి ఉంది. నాలుగైదు సాళ్లు అయ్యాయి.

"ఎజ్రా" అన్నాడు తండ్రి వెనక్కి తిరగకుండా. "లెక్క సంగతి పక్కన పెట్టు. ఆయన వస్తాడని నీకు నమ్మకం ఉండాదా?"

ఎజ్రా గుప్పిట బిగిసింది. ఉందంటే చాలు. ఆ ముసలి మనిషి చెయ్యి మళ్లీ భుజం మీదికి వస్తుంది. పిండి కొట్టుకున్న తల్లి చేతులు, బోర్లించిన కుండ మీద కూర్చున్న మేనత్త అతని కళ్ల ముందు మెదిలారు.

"కొన్ని దినాలు ఉంటాది నాయనా. కొన్ని దినాలు ఉండదు. ఉందని చెప్తే అబద్ధమైతాది."

ఎడ్లు సాలు చివరిదాకా పోయి తిరిగాయి. ఈసారి మౌనం ఎన్నేళ్లుంటుందోనని ఎజ్రా గుండె దిటవు చేసుకున్నాడు. నిత్యానందం గొర్రు ఎత్తి పక్క సాలులో దించి, నొసటి చెమట తుడుచుకుని, కొడుకు ముఖంలోకి నేరుగా చూశాడు.

"గింజలు పల్చగా పడతావుండాయి" అన్నాడు. "చెయ్యి కొంచెం వదులుగా పట్టు, నాయనా."