గుహలో బొట్టుబిళ్లలు

తవ్వకంలో దొరికిన మట్టిపెంకును నీళ్లలో ముంచి బ్రష్షుతో రుద్దగానే దాని మీద గీతలు తేలాయి. ఒక కొండ, కొండ కడుపులో వంకర దారి, దారి చివర ముక్కు ఉన్న చిన్న గిన్నె.

"గుహ!" అని కేక పెట్టాడు స్టెలియోస్. గ్రీసు దేశంలోని క్రీటు దీవిలో, వేసవి సెలవుల్లో వచ్చే పంతుళ్లకు తవ్వకాల పని నేర్పేవాడు అతనే. ఈసారి వచ్చిన తెలుగువాళ్లు ఇద్దరు. గుంటూరు కాలేజీలో చరిత్ర చెప్పే దేవదానం మాస్టారు, ఇల్లెందు బడిలో సోషల్ చెప్పే వకుళ. మూడేళ్ల కూతురు మిన్నిని అత్తగారి దగ్గర వదిలి విమానం ఎక్కినప్పటి నుంచీ వకుళకు గుండె దడే. ఏ దేవుడికి మొక్కినా ఒకటే మొక్కు, మళ్లీ బిడ్డ దగ్గరికి క్షేమంగా చేరాలని.

ముగ్గురూ కొండ ఎక్కారు. ముళ్లతుప్పల వెనక గుహ నల్లగా నోరు తెరుచుకుని ఉంది. లోపల దారులు చీలిపోతూ పోయాయి. గోడ మీద సుద్దగీత కూడా గీయకూడదని స్టెలియోస్ ముందే హెచ్చరించాడు. మరి తిరిగి వచ్చేదెలా? వకుళ సంచిలోంచి మెరిసే రాళ్ల బొట్టుబిళ్లల అట్ట తీసి, దారి చీలిన ప్రతిచోటా, తాము వచ్చిన దారి అంచున, కంటి ఎత్తున ఒకటి అంటించసాగింది.

"ఏందమ్మా ఇది! ఇంట్లో అద్దాలు సాల్లేదా, కొండక్కూడా బొట్టు పెడతన్నావా?" మాస్టారు పకపకా నవ్వారు.

"నవ్వుకోండి సార్. నేనైతే ఇంటికి పోవాలె."

స్టెలియోస్ ఒక బిళ్లను గోటితో లేపి చూశాడు. మరక పడలేదు. సరేనని తలూపాడు.

చివరి చీలిక దగ్గర అట్ట ఖాళీ అయింది. చల్లగాలి మెడ మీద పాకింది. మిన్ని కొంగు పట్టుకుని పక్కనే నిలబడినట్టు అనిపించింది వకుళకు. తన నుదుటి రాళ్ల బొట్టు పీకి రాతికి అంటించి, మగవాళ్ల వెనక పరుగుతీసింది.

ఆ పక్కనే చిన్న గది. అందులో పగిలిన పెద్ద కుండ, కుండలో ముడుచుకున్న చిన్ని ఎముకలు. పక్కన పాలు తాగించే ముక్కుగిన్నె. చిన్ని పుర్రె నుదుటి మీద సన్నని బంగారు పట్టీ!

"దొరికింది! రేపు పేపర్ల నిండా మన పేర్లే!" మాస్టారు పట్టీ అందుకున్నారు.

"ముట్టుకోకండి!" స్టెలియోస్ అరిచాడు.

అంతలోనే భూమి గుర్రుమంది. పైనుంచి రాళ్లు రాలాయి. ఒకటి స్టెలియోస్ భుజం మీద పడింది. అతని చేతిలోని దీపం పగిలింది. చీకటి!

వకుళ ఫోను వెలిగించింది. "ఆ పాపది ఆ పాపకు ఇచ్చెయ్యండి సార్! మీకు దండం పెడతా!"

మాస్టారు పట్టీని ఉన్నచోటే ఉంచి, స్టెలియోస్‌ను భుజాన ఆనించుకుని కదిలారు.

చీలిక వచ్చింది. ఎడమకా, కుడికా? కంటి ఎత్తున ఎక్కడా మెరుపు లేదు. ఫోనులో బ్యాటరీ ఎర్రగీతకు వచ్చింది. కొండ మళ్లీ మూలిగింది.

"రాలిపోయిందమ్మా! ఇంక మన పని అయిపోయినట్టే!" అన్నారు మాస్టారు.

వకుళ గుర్తుచేసుకోబోయింది. బొట్టు ఎక్కడ పెట్టింది? రోజూ పొద్దున ఎవరికి పెడుతుంది? చటుక్కున మోకాళ్ల మీద కూలబడి, మూడేళ్ల పిల్ల నుదురు ఉండే ఎత్తున గోడ వెంట వెలుగు తిప్పింది. ఎడమ దారి అంచున తళుక్కుమంది!

"ఇటే! ఇటే సార్! ఉరకండి!"

తర్వాతి బిళ్లలు ఒక్కొక్కటే మెరుస్తూ పిలిచాయి. ముగ్గురూ పాకుతూ, దేక్కుంటూ ఎండలోకి పడ్డారు. వెనక గుహ నోరు రాళ్లతో పూడిపోయింది. మాస్టారు అటు తిరిగి టోపీ తీశారు.

శిబిరంలో ఫోనుకు చార్జింగ్ పెట్టగానే వకుళ ఇంటికి వీడియో కాల్ చేసింది. తెర నిండా మిన్ని ముఖం.

"అమ్మా, నీ బొట్టేది?"

వకుళ నుదురు తడుముకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు.

"ఇక్కడొక చిన్నపాప ఉందిరా బంగారం. ఆమె దగ్గర ఉంచి వచ్చిన."