చూద్దాంగారు

ఓర్పు ఎక్కడ ఆగి భయం ఎక్కడ మొదలవుతుందన్న సందేహం ఆ ఇల్లాలికి పెళ్ళయిన కొత్తల్లో పుట్టింది. అప్పుడు ఆమె భర్తను ఒక చిన్న కోరిక కోరి జవాబు కోసం ఎదురుచూస్తోంది. జవాబు రాలేదు, సందేహమూ తీరలేదు. రోజూ పొద్దున్నే దేవుడి ముందు నిలబడి "నాకు ఓర్పు ఇవ్వు స్వామీ" అని అడిగేది. అడిగిన ప్రతిసారీ ఆయన ఇచ్చాడు కూడా. కానీ కళ్ళు తెరిచాక ఒక్కోసారి అనిపించేది, తను అడిగింది ఓర్పేనా, నోరు విప్పే పని లేకుండా రోజు గడిచిపోవడమా అని. ఆ మాట దేవుణ్ణి అడగడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

ఆ పొద్దున కూడా అలాగే మొదలైంది. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. కిటికీ పక్కన కుట్టుమిషను మీద, ఎవరో కుట్టమని ఇచ్చిన ఆకుపచ్చ కర్టెను సగంలో ఉంది. మోటారు సైకిళ్ళ షోరూములో సర్వీసు కౌంటరు చూసే భర్త అద్దం ముందు నిలబడి చొక్కాకు బ్యాడ్జీ తగిలించుకుంటున్నాడు. వీధిలో కూతురి బండి స్టార్ట్ అయింది, గొణిగింది, ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ అయింది, మళ్ళీ ఆగింది.

"ఏమండీ, విన్నారా?"

"విన్నాను," అన్నాడాయన అద్దంలోంచి చూపు తిప్పకుండా.

"మీ షోరూములోనే కొన్నాం కదా. రిపేరుకి వెళ్ళినప్పుడల్లా మీ బల్ల ముందుకే కదా అది వచ్చేది."

"చూద్దాం."

ఆ ఇంట్లో ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. ఆయన సరే అంటే సరే. కుదరదు అన్న మాట మాత్రం ఆయన నోట ఎవరూ వినలేదు. కుదరనప్పుడల్లా చూద్దాం అంటాడు. బొమ్మ కొనిపెట్టమంటే చూద్దాం, సెలవుల్లో సముద్రం దగ్గరికి వెళ్దామంటే చూద్దాం. కూతురు చిన్నప్పుడే ఈ గుట్టు కనిపెట్టేసింది. "నాన్నా, వద్దని చెప్పెయ్, ఓసారి ఏడ్చి ఊరుకుంటా" అనేది.

ఆ పిల్ల ఇప్పుడు ఫిజియోథెరపిస్టు. ఇంటింటికీ వెళ్ళి, మంచం పట్టిన పెద్దవాళ్ళ చేత కాళ్ళూ చేతులూ ఆడిస్తుంది. ఆ ఇళ్ళుండే సందుల్లోకి బస్సులు రావు. అందుకని జీతంలో మిగిల్చి మిగిల్చి ఈ బండి కొనుక్కుంది. కొన్నప్పటి నుంచీ అది పొద్దున్నే మలుపుల్లోనూ సిగ్నళ్ళ దగ్గరా వేగం తగ్గించగానే చప్పున ఆగిపోతోంది. పని మధ్యలో వీలు చూసుకుని షోరూముకు తీసుకెళ్తే, సాయంత్రానికి తిరిగి ఇచ్చేస్తారు. "నడిపి చూశాం, ఏ లోపమూ లేదు. నీటుగా కడిగి ఇచ్చాం" అంటారు. తీసుకెళ్ళినప్పుడల్లా కడిగారు. ఆ వీధిలో అంత మెరిసే బండి లేదు, అంతగా ఆగిపోయే బండీ లేదు.

పాలు దించి ఆమె గ్లాసుల్లో పోస్తుండగా గేటు చప్పుడైంది. ఇప్పుడే వెళ్ళిన కూతురు బండిని తోసుకుంటూ వెనక్కి వచ్చింది. చొక్కా చెయ్యి చిరిగింది. మోచెయ్యి గీసుకుపోయి రక్తం కారుతోంది.

"మలుపులో ఆగిపోయిందమ్మా. వెనకాలే వ్యాను. పక్కకి పడ్డాను, అంతే. వాడు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది."

భర్త గబగబా దూది తెచ్చి కూతురి మోచెయ్యి తుడవడం మొదలుపెట్టాడు.

"మా ఇన్‌చార్జి ఫోన్ చేసింది," అంది కూతురు. "ఇంకోసారి ఆలస్యమైతే నా రూటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తుందట. నాన్నా, నేనీ బండి అమ్మేస్తా. ఎంతొస్తే అంతకి."

"తొందరపడకు తల్లీ. ఒక్క నెల ఓపిక పట్టు. నా కాంట్రాక్టు మళ్ళీ రాయాల్సింది ఈ నెలలోనే. సంతకం పెట్టాల్సింది మా మేనేజరు. మన ఇంట్లోవాళ్ళే గొడవకి దిగారంటే..."

"గొడవ ఎవరు చేశారు నాన్నా? పడిపోయానని చెప్తున్నా."

ఆయన ఆ దూదిని అటూ ఇటూ తిప్పి, "చూద్దాం" అన్నాడు.

"అమ్మొద్దు," అంది ఆమె. ఇద్దరూ ఆమె వైపు చూశారు. "బండిని గోడ పక్కన పెట్టి తాళం నాకివ్వు. ఇవాళ్టికి ఎవరి బండి మీదైనా వెళ్ళు. రేపు నేను తీసుకెళ్తా."

"నీకు నడపడం రాదు కదమ్మా."

"తోసుకెళ్ళడం వచ్చు."

భర్త నవ్వాడు. తమాషాకి అంటోందనుకున్నాడు.

మర్నాడు ఆయన బస్సు ఎక్కి వెళ్ళాక ఆమె దేవుడి ముందు నిలబడింది. అలవాటు ప్రకారం ఓర్పు అడగబోయి ఆగింది. "ఇవాళ్టికి వద్దు స్వామీ. నీ దగ్గరే ఉంచు, రేపు తీసుకుంటా," అని చెప్పి, తాళం తీసుకుని బయటికి నడిచింది.

బండి ఆమె అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి లాగింది, పల్లంలో ముందుకు ఈడ్చింది. హ్యాండిలు పట్టుకున్న అరచేతులు మండాయి. దుకాణం తెరుస్తున్న ఒకాయన జాలిగా అడిగాడు, "పెట్రోలు అయిపోయిందా అక్కా?"

"పెట్రోలుంది తమ్ముడూ. ఓపికే అయిపోయింది."

షోరూము ముందు భాగమంతా అద్దాలు. చల్లటి గాలి, కొత్త టైర్ల వాసన. టై కట్టుకున్న కుర్రాడు నవ్వుతూ ఎదురొచ్చి, "రండి మేడమ్, ఏ మోడల్ చూపించమంటారు?" అన్నాడు. ఆమె చేతిలోని బండిని చూడగానే నవ్వు సగానికి తగ్గింది. "సర్వీసు వెనకవైపండీ" అని వేలు చూపించాడు. వెనకవైపు రేకుల షెడ్డు, ప్లాస్టిక్ కుర్చీలు, మూలుగుతూ తిరిగే ఫ్యాను. టోకెను తీసుకుని ఆమె కూర్చుంది.

పక్క కుర్చీలో హెల్మెట్ ఒళ్ళో పెట్టుకున్న ఒకాయన ఇళ్ళకు రంగులు వేసే మనిషి. గోళ్ళ అంచుల్లో తెల్లరంగు ఇంకా పోలేదు. "కొత్తగా వచ్చారా అమ్మా? అయితే ఆ చివర బల్ల దగ్గరికే వెళ్ళండి. అక్కడ చూద్దాంగారు ఉంటారు."

"ఎవరు?"

"అసలు పేరేదో మాకూ తెలీదు. అలాగే అంటాం. మంచాయన, ఎప్పుడూ కసురుకోడు. ఆయన చూద్దాం అంటే ప్రాణం లేచొస్తుంది. ఇంటికెళ్ళి ఎదురుచూస్తాం." ఆయన నవ్వాడు. "ఇంకా చూస్తూనే ఉన్నాననుకోండి."

ఆమె ముఖం వేడెక్కింది. ఇంట్లో అయితే ఆ మాటకు అర్థం తెలుసు, ఆశ పెట్టుకోరు. ఇక్కడివాళ్ళకు తెలియదు. పని మానుకుని, బండి తెచ్చుకుని, ఆ ఒక్క మాట పట్టుకుని తిరిగి వెళ్తున్నారు. భర్త మీద కోపంతో బయల్దేరిన మనిషికి, ఆ కుర్చీలో కూర్చున్నాక కోపంతో పాటు సిగ్గు కూడా మొదలైంది.

టోకెను పిలిచారు. ఆమె వెళ్ళి బల్ల ముందు నిలబడింది.

"చెప్పండి మే..." అంటూ తలెత్తిన భర్త ఆమెను చూసి బల్ల మీదికి వంగాడు. "నువ్వేంటి ఇక్కడ?" అన్నాడు గుసగుసగా.

"టోకెను నాదేనండీ."

"ఇంటికెళ్ళు. సాయంత్రం మాట్లాడుకుందాం."

"సాయంత్రం మీ భార్యని. ఇప్పుడు కస్టమర్ని. కూర్చోమనరా?"

పక్క కౌంటరు అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి కంప్యూటర్ వెనక తలదాచుకుంది. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు సర్దుకున్నాడు. "కూర్చోండి మేడమ్. సమస్య ఏంటి?"

"ఆగిపోతోంది. నిన్న మా అమ్మాయి వ్యాను ముందు పడింది."

"చూ..."

"ఆ మాట తప్ప ఇంకేదైనా చెప్పండి."

ఆయన మెకానిక్కును పిలిచాడు. అతను బండిని చూడగానే, "ఇదా? మొన్ననేగా కడిగి ఇచ్చాం," అన్నాడు.

"ఈసారి కడగొద్దు నాయనా. నా కళ్ళ ముందు నడుపు."

మెకానిక్కు బండి స్టార్ట్ చేసి గేటు దాకా వెళ్ళాడు. తిప్పుకోవడానికి వేగం తగ్గించగానే అది ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాడు, రెండు గజాలు కదిలి మళ్ళీ ఆగింది. అతను దిగి తల గోక్కున్నాడు. "ఇన్నిసార్లు చూశాం కానీ ఎప్పుడూ ఇలా చెయ్యలేదు మేడమ్. ఇవాళ దీన్నెలా తెచ్చారు?"

"తోసుకొచ్చాను. నాకు నడపడం రాదు."

అతను ఇంజను మీద చెయ్యి పెట్టి చూసి, "అదీ సంగతి," అన్నాడు. ఇన్నాళ్ళూ కూతురు పొద్దున రెండు మూడు ఇళ్ళు తిరిగాక దాన్ని నడుపుకుంటూ వచ్చేది. షోరూము చేరేసరికి ఇంజను వేడెక్కి బుద్ధిగా నడిచేది. చల్లగా ఉన్నప్పుడు ఎంత పెట్రోలు కావాలో ఇంజనుకు చెప్పే చిన్న సెన్సార్ ఒకటి ఉంటుందట. పాడయింది అదే. రాత్రంతా చల్లారిన బండి చల్లగానే ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి.

ఇంతలో మేనేజరు వచ్చాడు. ఎవరు చెప్పారో, విషయమంతా ముందే తెలుసుకుని వచ్చాడు. ఆమె వైపు చూడకుండా ఆమె భర్తతో అన్నాడు, "మీ ఆవిడట కదా. ముందు హాల్లో కొత్త కస్టమర్లున్నారు, ఇదంతా వినిపిస్తోంది. పార్టు వారంటీలో వస్తుందో రాదో కంపెనీని అడగాలి, టైం పడుతుంది. బండి తీసుకుని వెళ్ళమనండి. ముందు ఆవిణ్ణి ఇంటికి పంపించెయ్యండి. మీ కాంట్రాక్టు నా టేబుల్ మీదే ఉంది, సాయంత్రం మాట్లాడదాం."

భర్త భార్య వైపు చూశాడు. బల్ల అంచు మీద ఆమె అరచేతులు కందిపోయి ఎర్రగా ఉన్నాయి. ఆయన వాటినే కాసేపు చూశాడు.

"చూద్దాం సార్," అన్నాడు.

మేనేజరు తృప్తిగా తలూపి వెనక్కి తిరిగాడు. ఆ మాటకు అర్థం ఏమిటో ఆ షెడ్డులో తెలిసింది ఆమె ఒక్కదానికే. ఇన్నేళ్ళలో తనకంటే పైవాడితో ఆయన ఆ మాట అనడం ఆమె ఎప్పుడూ వినలేదు.

కుర్చీ కాళ్ళు నేల మీద గీసుకున్నాయి. ఆయన లేచి నిలబడ్డాడు. "సార్, ఒక్క నిమిషం. నేనన్నది మీకు అర్థమైనట్టు లేదు."

"ఏంటి?"

"కుదరదు సార్."

పక్క కౌంటరు అమ్మాయి తలెత్తింది. ఆయన బండి వైపు చెయ్యి చూపించాడు. "లోపం కళ్ళారా చూశాం. బండి బాగు చెయ్యకుండా ఈ మేడమ్ని నేను పంపించను. నా భార్య అని అనట్లేదు. టోకెను తీసుకుని నా ముందు కూర్చున్నారు, అందుకంటున్నా. నడిరోడ్డు మీద ఆగిపోతుందని తెలిసీ ఈ బండిని బయటికి ఇవ్వలేను."

రంగులు వేసే ఆయన తన కుర్చీలోంచి లేచాడు. ఆయన వెనక ఇంకొందరు లేచారు. అలాగే నిలబడ్డారు. అద్దాల తలుపు అవతల, కొత్త బండి చూడ్డానికి వచ్చిన దంపతులు ఇటే చూస్తున్నారు. మేనేజరు అందర్నీ ఓసారి చూసి, పళ్ళ బిగువున, "కొత్త పార్టు స్టోర్లో ఉంటే వేసెయ్యండి," అని వెళ్ళిపోయాడు.

స్టోర్లో ఉంది. ఇన్నాళ్ళూ అక్కడే ఉంది.

సాయంత్రం కూతురు బండి వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చి, తండ్రి భుజం మీద తల ఆన్చింది. ఆ పిల్ల లోపలికి వెళ్ళాక ఆయన మెట్టు మీద భార్య పక్కన కూర్చుని, ఆమె అరచేతులు తన ఒళ్ళోకి తీసుకున్నాడు.

"కాంట్రాక్టు సంగతి?" అని అడిగింది.

"తెలీదు. ఇస్తాడో లేదో. ఇవ్వకపోతే ఇంకోచోట వెతుక్కుంటా." ఆమె అరచెయ్యి నిమురుతూ అడిగాడు, "వాళ్ళు నన్నేమని పిలుస్తారో విన్నావా?"

"విన్నాను."

"నాకూ తెలుసు. మంచివాణ్ణి కాబట్టే ముద్దుగా అలా పిలుస్తున్నారనుకున్నా. ఎవరి మనసూ నొప్పించకూడదని కాదనేవాణ్ణి కాదు."

"నొప్పించలేదు లెండి. ఎదురుచూసేలా చేశారు, అంతే."

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. తుడుచుకోలేదు. ఆమె కూడా చూడనట్టు ఊరుకోలేదు, కొంగుతో తుడిచింది. తన సందేహం సగమే తీరిందనిపించింది ఆమెకు. ఇన్నేళ్ళూ ఆయనది భయం, తనది ఓర్పు అనుకుంటూ వచ్చింది. రెండూ ఒకే ఇంట్లో ఒకదాన్నొకటి సాకుతూ పెరిగాయేమో.

"నీకు బాకీ పడ్డ చూద్దాంలు ఎన్ని ఉన్నాయి?" అన్నాడాయన.

"లెక్కపెట్టలేదు. మొదటిది మాత్రం గుర్తుంది. పెళ్ళయిన కొత్తల్లో మీకో పాత బండి ఉండేది. నాకూ నేర్పమన్నాను."

ఆయన ఆ వారం సెలవు రోజు పొద్దున్నే గోదాముల వెనక ఖాళీ స్థలానికి ఆమెను తీసుకెళ్ళి, కూతురి బండి దిగి, ముందు సీటు చూపించాడు. తను వెనక కూర్చున్నాడు. ఇలా క్లచ్చు, ఇలా గేరు అని ఓపిగ్గా చెప్పాడు. ఆమె క్లచ్చు ఒక్కసారిగా వదిలేసింది. బండి ఎగిరి ఆగిపోయింది.

"ఇది మా షోరూము తప్పు కాదు," అన్నాడు వెనకనుంచి.

"నోరు మూసుకుని గట్టిగా పట్టుకోండి." ఆమె మళ్ళీ స్టార్ట్ చేసింది.

"మెల్లగా వదలాలి. వస్తుందంటావా?"

"చూద్దాం," అంది ఆమె, వేళ్ళు ఒక్కొక్కటిగా సడలిస్తూ. బండి కదిలింది.