డార్నల్ నుంచి గంటలోపు

“చంకలో పెట్టుకో,” అంది లెషన్యా.

“చంకలోనా?”

“ఒంటి వేడి తగ్గకూడదన్నారు డాక్టర్. జేబులో పెట్టి చల్లార్చావో, చూడు మరి!”

దేవన్ చేతిలో మూత బిగించిన చిన్న ప్లాస్టిక్ సీసా ఉంది. అందులో ఉన్నది అతని వీర్యం. డర్బన్ గ్రే స్ట్రీట్‌లోని లాబ్‌కి అది గంటలోపు చేరాలి. అప్పుడు టైము ఏడూ అయిదు.

వాళ్ళ ఊరు డార్నల్ నుంచి ఎనభై కిలోమీటర్లు. కారు కదిలితే గంటలో వెళ్ళొచ్చు. 1996 జూన్, దక్షిణాఫ్రికాలో అది చలికాలం; ఆ చలికి వాళ్ళ ముసలి మాజ్డా రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

ఇద్దరూ టాక్సీ స్టాండు వైపు పరిగెత్తారు.

“లాబ్‌లోనే రూమ్ ఉంది, అక్కడే ఇవ్వమన్నారు. విన్నావా?”

“అక్కడ కౌంటర్లో లెస్లీ ఉంటాడు. నాతో సాకర్ ఆడినవాడు. వాడి ముందు నుంచి ఆ రూమ్‌లోకి వెళ్ళమంటావా?”

“పోనీ, షాల్‌క్రాస్‌లో మా అమ్మ ఇంటి నుంచి అరగంటే కదా!”

“మీ అమ్మ ఇంట్లో బాత్రూమ్‌కి గడియ లేదు. బయట ఆరుగురు క్యూ.”

లెషన్యాకి నవ్వొచ్చింది. కానీ నవ్వలేదు. నవ్వితే కోపం పోతుంది. ఆ కోపం మూడేళ్ళుగా దాచుకున్నది.

పిల్లల కోసం ఆమె మింగని మాత్ర లేదు. హార్మోన్ పరీక్షలని అయిదుసార్లు రక్తం ఇచ్చింది. ప్రతి శుక్రవారం గంగమ్మకి ఉపవాసం ఉంది. దేవన్ చక్కెర మిల్లులో చెరకు పాకం మరిగే పెద్ద పాన్‌ల దగ్గర పని చేస్తాడు. తోడు రమ్మంటే “షిఫ్ట్ ఉంది” అనేవాడు ప్రతిసారీ.

పోయిన వారం డాక్టర్ శ్రీలేఖ ఫైలు మూసేసింది. ఆవిడ హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చింది. “ఇందులో సగం కాగితాలే ఉన్నాయి లెషన్యా. మిగతా సగం మీ ఆయనవి. హార్మోన్లు ఆయనకీ ఉంటాయి. అవి చూడకుండా ఇంకో మాత్ర రాయను.”

ఆ సాయంత్రమే లెషన్యా అటక మీద నుంచి సూట్‌కేసు దించింది. “నువ్వు పరీక్షకి రాకపోతే నేను షాల్‌క్రాస్‌కి పోతున్నాను. మళ్ళీ రాను.”

దేవన్ ఒప్పుకున్నాడు. ఒకే షరతు. సంగతి ఎవరికీ తెలియకూడదు.

పదిహేనుమంది ఎక్కే ఆ టాక్సీ వ్యాన్‌లో సరిగ్గా రెండు సీట్లు ఖాళీ. మూడో సీట్లో పక్కింటి అంబీ ఆంటీ. ఊళ్ళో ఎవరి కడుపు పండిందో, ఎవరిది పండలేదో ఆవిడకి కంఠతా వచ్చు. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడుతుంది. తిట్టడానికి మాత్రం వాళ్ళ అవ్వ దగ్గర నేర్చిన తెలుగే వాడుతుంది.

“ఏటే పిల్లా, శుక్రారం ఉపాసం తప్పినావా? అందుకే అమ్మోరు సూడ్డం లేదు.”

లెషన్యా దేవన్ వైపు చూసింది. దేవన్ కిటికీ వైపు చూశాడు.

“నీ సేతికి ఏటయిందిరా? అలా బిగించినావు?”

“పట్టేసింది ఆంటీ.”

స్టాంగర్ దాటింది. టోంగాట్ ఇంకా రాలేదు. ఏడూ నలభైకి డ్రైవర్ సామ్ గట్టిగా బ్రేకు వేశాడు. రోడ్డుకి అడ్డంగా సైనిక వాహనం. స్థానిక ఎన్నికలు దగ్గరపడ్డాయి. తుపాకుల కోసం సోదా.

తలుపు తెరుచుకుంది. కుర్ర సైనికుడి చూపు నేరుగా దేవన్ చంక మీద పడింది.

“చొక్కా కింద ఏముంది?”

“ఏమీ లేదు.”

“చెయ్యెత్తు.”

“ఎత్తలేను.”

రైఫిల్ కొద్దిగా కదిలింది.

“అది నాదండీ!” అంది లెషన్యా గబగబా. “నా మందు. నాకు ఒంట్లో బాగుండదు.”

దేవన్ ఆమె వైపు తిరిగాడు. మూడేళ్ళుగా ఆమె ఇదే చేస్తోంది. అతని మీద పడాల్సింది తన మీద వేసుకుంటోంది.

“కాదు, నాది,” అన్నాడు. “మాకు పిల్లల్లేరు. పరీక్షలన్నీ తనే చేయించుకుంది. లోపం నాలో ఉందేమో ఎవరూ చూడలేదు, నేనే చూడనివ్వలేదు. ఇది నా వీర్యం. ఎనిమిదీ అయిదుకల్లా లాబ్‌లో ఉండాలి.”

వెనక సీట్లోని జులూ ముసలవ్వ, అందరూ గోగో అని పిలిచే ఆవిడ, “హావ్!” అని నోటి మీద చెయ్యేసుకుంది. సైనికుడి చెవులు ఎర్రబడ్డాయి. సీసాను రెండు వేళ్ళతో పట్టుకు చూసి, జాగ్రత్తగా తిరిగిచ్చాడు.

“వేడిగా ఉంచుకో అన్నా,” అన్నాడు మెల్లిగా.

అయినా అందరి బ్యాగులూ విప్పి చూసేసరికి ఏడూ యాభై ఎనిమిది.

“హంబా, సామ్, హంబా!” అని అరిచింది గోగో. పోనీ, పోనీ అని టాక్సీ అంతా అందుకుంది. ఎవరో కిటికీలు మూశారు.

అంబీ ఆంటీ తన ఉన్ని శాలువా తీసి దేవన్ భుజాల మీద కప్పింది.

“సల్లారిపోద్దిరా, సరిగ్గా కప్పుకో.” తర్వాత లెషన్యా చెయ్యి పట్టుకుంది. “వచ్చే శుక్రారం నువ్వు కడుపునిండా తినే. ఉపాసం ఈడి సేత సేయిద్దాం.”

లెషన్యా ఈసారి నవ్వు ఆపుకోలేకపోయింది.

లాబ్ చేరేసరికి ఎనిమిదీ ఇరవై రెండు. కౌంటర్లో లెస్లీ గడియారం చూసి తల అడ్డంగా ఊపాడు.

“లేటయింది దేవ్. ఇది పనికిరాదు. మూడు రోజులాగి మళ్ళీ ఇవ్వాలి.” గొంతు తగ్గించాడు. “ఇక్కడ రూమ్ ఉంది కానీ, నువ్వేమో...”

దేవన్ గొంతు తగ్గించలేదు. “గురువారం. ఆ రూమే. నా పేరు రాసుకో.”

బెంచీల మీద ఉన్న పదిమందీ విన్నారు.

“రాశా. హార్మోన్ పరీక్షకి రక్తం మాత్రం ఇవాళే ఇవ్వొచ్చు.”

దేవన్ మొహంలో రంగు పోయింది. మరిగే పాకానికి జంకని మనిషి, సూది పేరు చెప్పగానే కుర్చీలో కూలబడిపోయాడు.

లెషన్యా పక్కన కూర్చుని అతని రెండో చెయ్యి పట్టుకుంది.

“సూది చూడకు. గోడ మీద ఆ కేలెండర్ చూడు.”

గాలాలు అమ్మే షాపువాళ్ళ పాత కేలెండర్. దాని మీద పెద్ద షాడ్ చేప.

“దాని వీపు మీద ముళ్ళు ముప్ఫై నాలుగు,” అంది లెషన్యా.

“నీకెలా తెలుసు?”

“అయిదుసార్లు లెక్కపెట్టాను.”

సూది దిగింది. దేవన్ చేపను చూడలేదు, ఆమెనే చూస్తున్నాడు.

“నీకు మళ్ళీ రక్తం ఎప్పుడు తీస్తారు?” అన్నాడు కాసేపటికి.

“వచ్చే నెల పన్నెండు. ఏం, షిఫ్ట్ ఉందా?”

“షిఫ్ట్ మార్చుకుంటా. ముప్ఫై నాలుగో కాదో నేనూ లెక్కపెట్టాలి.”

లెషన్యా కళ్ళు తుడుచుకుంది.

“ముందు ఇంటికెళ్ళి ఆ సూట్‌కేసు అటక మీద పెట్టు,” అంది.