మణెమ్మ పేరున జరిగిన ఆపరేషను

గుండ్లకమ్మ పొంగి, వంతెన మీద నీళ్లు పారి, మూడు రోజులు మార్కాపురం బస్సులు ఆగిపోయిన వరద ఏడాది ఉంది కదా, దానికి మూడో ఏడు జరిగింది ఇది. త్రిపురాంతకం పక్క పల్లెలో గొర్రెలు మేపుకుని బతికే బ్రహ్మం భార్య మణెమ్మకు నాలుగు నెలలుగా రక్తస్రావం ఆగడం లేదు! మొదట్లో ఎవరికీ చెప్పలేదు. ఆడది ఇలాంటివి ఎవరికి చెప్పుకుంటుంది? పాత చీరలన్నీ చింపుకుంది, తెల్లవారకముందే ఉతికి ఆరేసుకుంది, నవ్వుతూనే అన్నం వడ్డించింది... చివరికి ఒకరోజు దొడ్డి ఊడుస్తూ కళ్లు తిరిగి గొర్రెల మధ్యనే పడిపోయింది! గిద్దలూరులో కాపురం ఉంటున్న కూతురు గోపిక పరుగున వచ్చి, సున్నం కొట్టినట్టున్న తల్లి గోళ్లు చూసి ఘొల్లుమంది.

"ఏందమ్మా ఇది! ఇంతదాకా దాచుకుంటావా? మనకు సర్కారు కార్డు ఉంది గదా! ఆపరేషను ఉత్తపుణ్యానికే చేస్తారంట గదా!"

కార్డు అనే మాట వినగానే బ్రహ్మం తల వంచుకున్నాడు. మణెమ్మ గోడ వైపు తిరిగింది. గోపిక అది గమనించలేదు.

ఒంగోలులో కార్డు తీసుకునే ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయారు. డాక్టరమ్మ స్కాను చూసి, గర్భసంచిలో గడ్డ ఉందని, పది రోజుల్లో తీసేయాలని, ఆలస్యం చేస్తే మనిషి దక్కదని చెప్పింది. కింద కార్డు బల్ల దగ్గర నరేష్ అనే ఉద్యోగి మణెమ్మ వేలిముద్ర తీసుకుని కంప్యూటరు చూశాడు. మళ్లీ ఆమె ముఖం చూశాడు.

"అమ్మా, నీకు గర్భసంచి ఎప్పుడో తీసేసినారు గదా. పదకొండేళ్లయింది."

"తీసేస్తే స్కానులో కనపడేది ఏంది సార్?" అంది గోపిక.

"స్కానులో ఉంది, కంప్యూటర్లో లేదు. ఒక మనిషికి రెండుసార్లు తీస్తామంటే ఇది ఒప్పుకోదమ్మా."

"లేని సంచిలో నుంచి ఈ రక్తం యాడిది నాయనా!" అంది మణెమ్మ.

వరసలో నిలబడ్డ ఆడవాళ్లకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నరేష్ గొంతు తగ్గించాడు. "ఆ ఆపరేషను వేరే మనిషిదని రాసియ్యాల. ఎవరో పేరు కూడా రాయాల. విచారణ చేస్తారు. తేలేదాకా మీ కార్డు ఆపేస్తారు. ఆ మనిషి మీద కేసు కూడా పెట్టొచ్చు."

"ఎన్ని రోజులకు తేలుతుంది?"

"ఒకరిది ఏడాది దాటింది. ఇంకా తేలలా."

"ఎవరమ్మా ఆ మనిషి? మన కార్డు మీద ఎవరు చేయించుకున్నారు?" అని గోపిక తల్లి భుజం పట్టుకుని ఊపింది.

"నాకు తెలీదు," అంది మణెమ్మ.

తెలియకేం! ఆ మనిషి ఆమె తోడికోడలు శ్రీశైలమ్మ. బ్రహ్మం చనిపోయిన అన్న భార్య. పదకొండేళ్ల కిందట శ్రీశైలమ్మ కొడుక్కి కరెంటు ఆఫీసులో కాంట్రాక్టు పని దొరికింది. వచ్చే జీతం ఇంట్లో ఉప్పుకు, పప్పుకు సరిపోయేది కాదు. అయినా ప్రభుత్వం వాళ్లను ఉన్నవాళ్లంది, కార్డు తీసేసింది! సరిగ్గా అప్పుడే శ్రీశైలమ్మకు కడుపునొప్పి పట్టుకుంది. అప్పట్లో కార్డు బల్ల దగ్గర వేలిముద్రలు లేవు, కార్డు మీద ఫొటో చూస్తే చాలు. తోడికోడళ్లిద్దరూ ఒకే ఎత్తు, ఒకే చామనఛాయ. "ఒకింటి ఆడోళ్లే గదా, పోయి చూపిచ్చుకో వదినా," అని బ్రహ్మం పెట్టెలోంచి కార్డు తీసి ఇచ్చాడు. పక్కనే కందిపప్పు చెరుగుతున్న మణెమ్మను ఒక్క మాట కూడా అడగలేదు...

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక, ఇన్నేళ్లకు మొదటిసారి ఆమె మొగుడి ఎదురుగా నిలబడి అడిగింది.

"ఆ పొద్దు నన్ను ఒక్క మాట అడిగినావా? పొరుగింటికి చెంబు ఇచ్చినట్టు నా పేరు ఎత్తిచ్చినావే! అడిగుంటే నేను కాదంటానా? అక్కకు నొప్పి అంటే నా ప్రాణమైనా ఇస్తును గదా! కానీ నేనంటూ ఒక మనిషిని ఉండానని నీకు యాదికి రాలేదా? ఈ పొద్దు కంప్యూటరు కూడా అదే అంటా ఉంది... నేను లేనంట!"

"గొర్రెలకు నీళ్లు పెట్టాల," అని బ్రహ్మం లేచి బయటికి పోయాడు. మణెమ్మ అక్కడే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని కుమిలి కుమిలి ఏడ్చింది!

తలుపు చాటున అంతా విన్న గోపిక ఎదురింట్లోని పెద్దమ్మకు పోయి చెప్పేసింది. కాసేపటికి శ్రీశైలమ్మ వచ్చింది. ఆపరేషను అయిన నాటి నుంచి ఆమె నడుము వంగిపోయింది. గోడ పట్టుకుని, గడప పట్టుకుని, ఆయాసపడుతూ వచ్చి మణెమ్మ పక్కన చతికిలబడింది.

"ఏమ్మే, నా పేరు చెప్పకుండా వచ్చినావంట! పెద్ద పతివ్రతవు మరి!"

"చెప్పను అక్కా. ఈ వయసులో నిన్ను ఠేషను చుట్టూ తిప్పుతానా? చచ్చినా చెప్పను."

"చచ్చి ఏం సాధిస్తావే? నీ దినానికి వడలు చేస్తే నేను కూచుని తినాల్నా?" శ్రీశైలమ్మ మణెమ్మ చేయి పట్టుకుంది. "నీకు ఇన్నేళ్లు ఒక సంగతి చెప్పలా మణీ. నాకు గర్భసంచిలో ఏ రోగమూ లేదే! కడుపులో నొప్పి, అంతే. రెండు మాత్రలు రాయండి సామీ అంటి. మాత్రలకు కార్డు డబ్బులు రావు, తీసేస్తే వస్తాయి, తీసేస్తామన్నారు. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు! ఏమీ తెలియక వాళ్ల కాగితం మీద వేలు ముద్ర వేస్తి. ఆ పొద్దు నుంచి ఈ నడుము నాది కాదు, ఈ ఒళ్లు నాది కాదు. మాత్రకు రాదంట, కోతకు వస్తదంట! యాడి ధరమమే ఇది?"

మణెమ్మ నిర్ఘాంతపోయింది! తన పేరున కోసింది ఏ రోగమూ లేని కడుపునా... ఇద్దరూ ఒకరి మెడ మీద ఒకరు పడి ఏడ్చారు. చదివే తల్లులారా, మీరే చెప్పండి! రోగం లేని ఆడదాన్ని కోయడానికి పనికొచ్చిన కార్డు, రోగమున్న ఆడదాన్ని బతికించడానికి పనికిరాకుండా పోయింది! అబద్ధం చెప్పారు, నిజమే. ఆ అబద్ధం చెప్పే గతి పట్టించింది ఎవరు? జబ్బు చేసిన మనిషికి మందు ఇవ్వడానికి జీతమెంత, కరెంటు బిల్లెంత, బండి ఉందా అని అడిగే ప్రభుత్వం కాదా? ఊరూరా గోడల మీద నవ్వు ముఖాల బొమ్మలు వేసుకుంటారు. ఆ గోడ పక్కనే మనిషి పడిపోతే మాత్రం వేలిముద్ర పడలేదంటారు!

మర్నాడు పొద్దున్నే శ్రీశైలమ్మ పట్టుబట్టి, తల్లీకూతుళ్లతో పాటు ఒంగోలు బస్సెక్కింది. బ్రహ్మం రాలేదు. పనుందన్నాడు. కార్డు బల్ల దగ్గర, అంతమంది ముందు, శ్రీశైలమ్మ సిగ్గు విడిచి చీర కుచ్చిళ్లు పక్కకు లాగింది.

"ఇదిగో సామీ! ఆ ఆపరేషను నాది! కోత ఈడుంది! నీ కంప్యూటరుకు చూపీ!"

నరేష్ గభాలున లేచి నిలబడి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అతని కళ్లు చెమర్చాయి. "కప్పుకో పెద్దమ్మా, కప్పుకో... ఈ మచ్చ చూపిచ్చే చోటు దీంట్లో లేదు. ఉంటే నేను ఇప్పుడే ఎక్కిస్తును గదా!"

ఆమె చెప్పిందంతా రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు. కార్డు ఆగిపోయింది. సర్కారు ఆసుపత్రిలో అయితే వంతు రావడానికి రెండు నెలలు పడుతుందని ఎవరో చెప్పారు. రెండు నెలలు! డాక్టరమ్మ చెప్పిన పది రోజుల్లో అప్పుడే రెండో రోజు గడిచిపోతోంది... మణెమ్మ మెట్ల మీద కూర్చుని, "ఇంటికి పోదాం పాండి అక్కా. నా రాత ఇంతే," అంది. ఆ మాట విని గోపిక తల బాదుకుంది!

సాయంత్రం నాలుగైంది. అలా దిక్కులేనివాళ్లలా కూర్చున్న ఆ ముగ్గురి దగ్గరికి బ్రహ్మం వచ్చాడు. భుజాన కంబళి లేదు, చేతిలో కర్ర లేదు. అప్పటికే డబ్బులు కట్టి, రసీదు చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"ఏంది నాయనా ఇది? యాడివి డబ్బులు?" అంది గోపిక.

"మంద అమ్మినాను. దర్శి బేరగాడికి."

"ముప్పై ఏళ్ల మంద!" మణెమ్మ గుండె బాదుకుంది. "గొర్రెపిల్లలతో సహా అమ్మినావా? ఇంక ఏం చేసి బతుకుతాం? నేను పోతే పోదును గదయ్యా..."

బ్రహ్మం ఆమె ఎదురుగా, ఒక మెట్టు కిందగా కూర్చున్నాడు.

"నా పేరు కాదు నేను ఇచ్చింది. నీది. అడక్కుండా ఇచ్చినా. ఆ పొద్దు నుంచి నీకు చెబుదామనే అనుకుంటాండా. నోరు రాలేదు. తప్పు నాదే."

పెళ్లయిన ముప్పై రెండేళ్లలో ఆయన నోట అంత పొడుగు మాట ఆమె వినలేదు. చేయి చాచి ఆయన తల మీద పెట్టింది, అంతే...

"కేసు వస్తే రానీ బ్రమ్మం," అంది శ్రీశైలమ్మ కళ్లు తుడుచుకుంటూ. "జైల్లో అన్నం వాళ్లే పెడతారంట. దానికి కార్డు అడగరు గదా!" మణెమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

మర్నాడు తెల్లవారి, ఆపరేషనుకు తీసుకుపోయే ముందు నర్సు వచ్చి రెండు జడలు వేసి ఉంచమంది. లోపల ఆమెకు తోడుగా ఒక్కరే ఉండాలన్నారు. శ్రీశైలమ్మ నడుము పట్టేసి వరండాలో పడుకుంది, గోపిక రక్తం ఇవ్వడానికి పోయింది. బ్రహ్మం దువ్వెన తీసుకుని భార్య వెనక కూర్చున్నాడు. మేక వెంట్రుకలతో తాళ్లు పేనిన చేతులు అవి. మొదటి జడ తాడులాగే బిగించి పేనాడు.

"అబ్బా... మెల్లగయ్యా," అంది మణెమ్మ.

అదంతా విప్పి, మళ్లీ మొదటి నుంచి వదులుగా అల్లాడు. నర్సు కాగితాలు పట్టుకుని వచ్చి, "పేషంటు పేరేంది పెద్దాయనా?" అని అడిగింది.

బ్రహ్మం తల అడ్డంగా ఊపాడు. "ఆమెను అడుగమ్మా," అన్నాడు.

మణెమ్మ తన పేరు చెప్పింది. ఆయన రెండో జడ అల్లి, చివర గుడ్డపీలికతో ముడి వేశాడు.