మూడో హాలులో టిక్కు చప్పుడు

హాలీవుడ్‌లోని ఆ కార్టూన్ల స్టూడియోలో, చీకటిపడ్డాక మూడో రికార్డింగు హాలు వైపు ఎవరూ వెళ్లేవారు కాదు. సంగీత దర్శకుడు కాన్‌రాడ్ పోయినప్పటినుంచీ, మూసిన ఆ తలుపుల వెనుక టిక్... టిక్... మని వినిపిస్తోందని చెప్పుకునేవారు.

అయినా ఆ రాత్రి అతని భార్య డెల్లా వెళ్లింది. అతని బృందంలోనే పదిహేనేళ్లు వయొలిన్ వాయించిన మనిషి. కాన్‌రాడ్ చివరి కార్టూన్‌కి రాసిన స్వరాల్లో ఆఖరి పుట ఖాళీగా ఉంది. మిగతాది ఎక్కడా దొరకకపోతే, తెల్లవారగానే అక్కడ ఏదో పాత గంతుల పాట అతికిస్తామన్నారు ఆఫీసువాళ్లు.

తలుపు తోసింది. చీకటి. వరుసగా ఖాళీ కుర్చీలు...

టిక్.

కార్టూన్లకి వాయించేవాళ్లు తెరమీది బొమ్మను చూస్తూ వాయించరు. ఇయర్‌ఫోన్‌లో ఆ టిక్కునే వింటూ వాయిస్తారు. మొదటి ఎనిమిది టిక్కులు హెచ్చరికకి, తొమ్మిదోదానికి సంగీతం మొదలు. పిల్లి ఎప్పుడు జారిపడుతుందో వాళ్లకి తెలియదు, టిక్కుకి తెలుసు.

భయంతో బిగుసుకుపోతూనే డెల్లా లెక్కపెట్టింది. ఆరు... ఏడు... ఎనిమిది—

తొమ్మిదోదానికి ఆమె కుడిచెయ్యి తనంతట తానే లేచింది. కమాను లేని చెయ్యి.

"ఈసారైనా సమయానికి అందుకున్నావు..." చీకట్లోంచి గుసగుస.

ఆలస్యంగా అందుకుంటావని కాన్‌రాడ్ ఎప్పుడూ చేసే వేళాకోళం, అచ్చం అలాగే. అంతలో పొడిదగ్గు.

"నేనే తల్లీ, ఆర్విల్‌ని. దెయ్యమైతే ఇంత దగ్గదు." ఫిల్ము తిప్పే యంత్రం పక్కన చిన్న దీపం వెలిగింది. బృందంలో డ్రమ్స్ వాయించే ముసలాయన.

"రోజూ మీరేనా?"

"ఇది చెవిలో పడకపోతే నిద్ర రావడం లేదు. పోయేముందు రోజు కాన్‌రాడ్ తన చేత్తో చిల్లులు పొడిచిన ఫిల్ము. చిల్లుకో టిక్కు."

టిక్కులు నెమ్మదించాయి... ఆగాయి. ఫిల్ము మాత్రం తిరుగుతూనే ఉంది.

"ఇక్కడిదాకానే చేయగలిగాడన్నమాట," అంది డెల్లా.

"నేనూ అలాగే అనుకున్నాను. నిన్న బొమ్మతో కలిపి తిప్పాను. ఈ ఫిల్ము బొమ్మ ముగిసేదాకా సరిగ్గా సరిపోయింది. చివర చూడు."

ఫిల్ము ఆగాక డెల్లా దాని చివరను దీపానికి ఎదురుగా పట్టుకుంది. చిల్లు లేని ఫిల్ము... అంచున కాన్‌రాడ్ సంతకం. పని పూర్తయితే తప్ప అతను సంతకం పెట్టేవాడు కాదు.

బొమ్మ వేసే ఒక్కో అడుగుకీ ఒక్కో స్వరం రాసిన మనిషి. ఒక్క రెప్పపాటునైనా మౌనంగా వదలని మనిషి.

"అక్కడ బొమ్మలో ఏముంది?"

"ఎలుక వెళ్లిపోయింది. కన్నం ముందు పిల్లి ఒక్కతే కూర్చుంటుంది. అంతే." ఆర్విల్ గొంతు తగ్గించాడు. "పొద్దున వాళ్లకేం చెబుతావు?"

డెల్లా ఫిల్మును ఆర్విల్ చేతికి తిరిగి ఇచ్చింది.

"రాయడం అయిపోయిందని. ఆ ఆఖరి పుట ఖాళీ కాదని," అంది. తన పాత కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "మరోసారి తిప్పండి. మొదటినుంచి కాదు— టిక్కులు ఆగిన చోటినుంచి."