కుడివైపు చక్రం

జర్మనీలో ఆ ఫిరంగుల షెడ్డుకు కిటికీలు ఉన్నాయి గానీ, విమానాల భయంతో అన్నిటికీ నల్లరంగు పూసేశారు. అందుకని మిట్టమధ్యాహ్నం కూడా లోపల దీపాలే. కిరోసిన్ వాసన, ఇనుప రజను వాసన, ఆరని ఉన్నిబట్టల వాసన కలిసిపోయి గొంతులో ముద్దలా కూర్చునేవి. మోత్రియా బల్ల చివరి వరసలో ఉండేది. పక్క బల్ల ఖివ్రియా పిన్నిది. ఇద్దరి రొమ్ముల మీదా తూర్పు నుంచి పట్టుకొచ్చిన కూలీలని చెప్పే నీలం గుడ్డముక్క.

తూర్పు నుంచి మనుషులనే కాదు, ఫిరంగులనూ తెచ్చేవారు. ఎర్రసైన్యం దగ్గర పట్టుకున్నవి. రైలు దిగేసరికి వాటి చక్రాల్లో ఉక్రెయిన్ నల్లమట్టి ఇంకా ఉండేది. ఒక్కోసారి గడ్డిపోచలు. ఒక్కోసారి ఎండిపోయిన మరకలు... వాటిని గోకి కడిగేది కూడా ఆడవాళ్ళే. ఆ తర్వాత జర్మన్లు వాటిని ట్యాంకులు కొట్టే ఫిరంగులుగా మార్చేవారు. పెద్ద గుండు పట్టేలా గొట్టం వెనకభాగం తొలిచేవారు. ముందున్న డాలును కోసి పొట్టి చేసేవారు. ఆఖరున మిగిలేది చక్రం పని. అది మోత్రియాది.

అసలు ఆ ఫిరంగికి ఇద్దరు కావాలి. ఎడమవైపు వాడు గురి చూస్తూ గొట్టాన్ని పక్కలకు తిప్పుతాడు. కుడివైపు వాడు చేతిచక్రం తిప్పి దాన్ని ఎత్తుతాడు, దించుతాడు. పరిగెత్తే ట్యాంకు ముందు ఇద్దరూ కేకలేసుకుంటూ కూర్చుంటే పని జరగదు. కాబట్టి కుడి చక్రం ఊడదీసి ఎడమవైపు బిగించాలి. అన్నీ ఒక్కడే చూసుకుంటాడు. కుడివైపు మనిషి ఇక అక్కర్లేదు.

ఆ ఫిరంగి ఎదురుగా వచ్చే ట్యాంకులు ఎవరివి? మోత్రియాకు తెలుసు. ఉక్రెయిన్‌లో, పోల్తావాలో చదువుకునే రోజుల్లో పార్టీ మీటింగుల్లో బల్ల గుద్ది అడిగే పిల్ల ఆమె: నువ్వు అటా, ఇటా? మధ్యలో నిలబడ్డవాడు కూడా అటే. ఇప్పుడు అదే పిల్ల చక్రాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా బిగిస్తోంది. ఊరికే కాదు. బరాకులో చెల్లెలు తెక్లా ఊపిరితిత్తుల జబ్బుతో పడుంది. పని చెయ్యలేనివాళ్ళను లారీ ఎక్కించేవారు. ఆ లారీ ఖాళీగా తిరిగొచ్చేది. మోత్రియా చేతులు బాగున్నంతకాలం ఫోర్‌మన్ వెండ్లాంట్ లారీ జాబితాలో తెక్లా పేరు రాయడం మర్చిపోతానన్నాడు. పైగా రోజూ ఒక రొట్టెముక్క ఎక్కువ ఇప్పించేవాడు.

"మా మీటింగుల మహారాణి చేతిలో పడితే జర్మన్ ఫిరంగి కూడా బుద్ధిగా ఉంటుంది," అనేది ఖివ్రియా పిన్ని. నవ్వుతూనే అనేది. మోత్రియా మాత్రం తల ఎత్తేది కాదు.

ఆ పొద్దున మైదానంలో పరీక్ష నుంచి ఒక ఫిరంగిని వెనక్కి తోసుకొచ్చారు. గుండ్లన్నీ గురిపెట్టిన చోటికి చేరకముందే నేలలో దిగబడ్డాయట. గురి సరిగ్గానే ఉంది. కాల్చే ముందు గొట్టం దానంతటదే దిగిపోతోంది. వెండ్లాంట్ అరవలేదు. సాయంత్రంలోగా కారణం దొరక్కపోతే ఈ వరసలో ఒకరిని ఉరి తీస్తారనీ, ఎవరిని తీసినా తెక్లా లారీ ఎక్కుతుందనీ మెల్లగా చెప్పి వెళ్ళాడు.

సూపు గంట మోగింది. షెడ్డు ఖాళీ అయింది. "ఆ టర్నిప్ నీళ్ళలో ఇవాళ టర్నిప్ ఉందేమో చూసొస్తా," అంటూ ఖివ్రియా పిన్ని కూడా వెళ్ళిపోయింది.

మోత్రియా తను ఎడమవైపు బిగించిన చక్రం తిప్పింది. గొట్టం లేచింది. చెయ్యి తీసింది.

గొట్టం దిగింది.

పళ్ళచక్రాలు జారినట్టు దభాలున కాదు. నెమ్మదిగా, లెక్క ప్రకారం, తిప్పినట్టు. మళ్ళీ ఎత్తింది. ఈసారి చక్రం వదల్లేదు. అటువైపు నుంచి ఎవరో వ్యతిరేకంగా తిప్పుతున్న బలం అరచేతికి తెలిసింది. మనిషి బలం. అలసిపోయిన మనిషి బలం.

ఆమె చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చింది. పాత ఇరుసు ఉన్నచోట బెజ్జం. రేకు కొరత వల్ల దాన్ని మూయకుండా నూనెగుడ్డ కుక్కి వదిలేసేవారు. ఇప్పుడు ఆ గుడ్డ కింద పడుంది. బెజ్జంలోంచి గోరువెచ్చని గాలి. నాటు పొగాకు వాసన... తడిసిన సిపాయి ఉన్నికోటు వాసన.

"చెల్లీ," అంది బెజ్జం.

పోల్తావా యాస. తన ఊరి యాస.

మోత్రియా వంగి బెజ్జానికి చెవి ఆనించింది.

"ఎదర ఉన్నది మనోళ్ళే," అంది గుసగుస. "అందుకే దించుతన్నా. నువ్వేం చెయ్యక్కర్లేదు. చూడనట్టుండు, చాలు."

"నువ్వు దించితే ఇక్కడ మమ్మల్ని ఉరి తీస్తారు," అంది ఆమె. తన గొంతు తనకే చిన్నగా వినిపించింది. "నాకు చెల్లెలుంది. పద్నాలుగేళ్ళు నిండలేదు. అది చచ్చిపోతుంది."

బెజ్జంలోంచి మళ్ళీ గుసగుస:

"నాకూ ఉంది చెల్లెలు."

ఎన్ని చర్చల్లో గెలిచిన నోరు! జవాబు లేనివాళ్ళు ఏం చేస్తారు? చేతికి దొరికింది పట్టుకుంటారు.

మూలన తుక్కులో అరచెయ్యంత ఇనుప పలక దొరికింది. తెచ్చి బెజ్జం మీద పెట్టింది. ఆనలేదు. తీసి చూసింది.

బెజ్జం అంచున నాలుగు వేళ్ళు. లోపలి నుంచి వచ్చి, గడప పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాయి. గోళ్ళ కింద నల్లమట్టి.

బయట ఇటుకబాట మీద వెండ్లాంట్ బూట్ల చప్పుడు.

"తియ్యి," అంది మోత్రియా. "అన్నా... తియ్యి."

వేళ్ళు కదల్లేదు. ఆమెను బతిమాలనూ లేదు.

ఆమె పలక వేళ్ళ మీదే పెట్టి సుత్తి ఎత్తింది. మొదటి దెబ్బకు పలక వంకరగా ఆనింది. రెండో దెబ్బకు లోపల ఏదో ఎండుపుల్లలా విరిగింది. అరుపు రాలేదు. పంటి బిగువున ఆపుకున్న ఊపిరి ఒక్కటే వినిపించింది. ఆమె కొడుతూనే ఉంది... పలక పూర్తిగా ఆనేదాకా. మరలు బిగించింది. కారిన నూనెను పావడాతో తుడిచింది. అది నూనే అనుకుంది.

వెండ్లాంట్ వచ్చి గొట్టం ఎత్తాడు. అది ఎత్తినచోటే నిలబడింది. ఏం చేశావన్నాడు. బెజ్జంలోంచి ఇరుసు మొండి ఆడుతోందని, పలక వేశానని చెప్పింది. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇకమీదట అన్ని ఫిరంగులకూ ఇలాగే పలక వేయాలని అతను హుకుం ఇచ్చాడు. భుజం తట్టాడు. ఒక నిండు రొట్టె చేతిలో పెట్టాడు.

ఖివ్రియా పిన్ని తిరిగొచ్చి ఫిరంగి వైపు చూసింది, పలక వైపు చూసింది, పావడా వైపు చూసింది. "ఏం చేశావే?" అంది మెల్లగా. మోత్రియా రొట్టె విరిచి సగం చాచింది. పిన్ని తీసుకోలేదు. తన స్టూలు లాక్కుని బల్లకు ఆ చివర కూర్చుంది. ఆ సాయంత్రమంతా ఒక్క పరాచికం ఆడలేదు.

పని దిగాక మోత్రియా బరాకుకు దాదాపు పరిగెత్తింది. రొట్టెను కోటు లోపల పెట్టుకుంది. అది గుండెకు తగులుతుంటే తీసి పారెయ్యాలనిపించింది. పారెయ్యలేదు.

తెక్లా లేచి కూర్చుని ఉంది. ఎన్నో రోజుల తర్వాత జ్వరం దిగినట్టుంది. చెక్కిళ్ళకు రంగు వచ్చింది. రొట్టె చూడగానే కళ్ళు మెరిశాయి.

"ఇంత రొట్టె ఎవరిచ్చారక్కా?"

"పని బాగా చేశానని ఇచ్చారు. తిను."

తెక్లా ఎడం చేత్తో అందుకుంది. ఎడం చేత్తోనే నోట్లో పెట్టుకుంది. అది ఎడంచేతివాటం పిల్ల కాదు.

"కుడిచేత్తో తినవే," అంది మోత్రియా.

తెక్లా నమలడం ఆపింది. అక్క మొహంలోకి చూసింది. ఎందుకో సిగ్గుపడుతున్నట్టు తల దించుకుంది.

అప్పుడు మోత్రియాకు పొగాకు వాసన తగిలింది. నాటు పొగాకు. ఆ బరాకులో ఉన్నవాళ్ళంతా ఆడవాళ్ళే. వాళ్ళలో ఎవరికీ పొగతాగే అలవాటు లేదు.

దుప్పటి మీద, తెక్లా కుడిచెయ్యి ఉండాల్సిన చోట, ఒక తడి మరక పెద్దదవుతోంది. ఆ మరక కింద దుప్పటి కదులుతోంది. నెమ్మదిగా... చక్రం తిప్పుతున్నట్టు గుండ్రంగా... ఆగకుండా.

"తిప్పేది నేను కాదక్కా," అంది తెక్లా.