ఏడో దబ్బనం

ప్రొద్దుటూరులో పరుపుల ఖాతూన్‌బీ దగ్గరికి వచ్చినవాళ్లు పరుపుతో పాటు గంపెడు సలహాలు కూడా మోసుకొని పోతారు. డెబ్బై ఏళ్ల మనిషి, బడి మొహం చూడలేదు. ఎవరికి నిద్ర పట్టదో, ఎందుకు పట్టదో, మొహం చూసి చెప్పేస్తుంది.

ఆ రోజు పొద్దున్నే ఎర్రగుంట్ల నుంచి ఒక టీచరమ్మ నడుం పట్టుకొని వచ్చింది. ఖాతూన్‌బీ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించి మొదలుపెట్టింది.

"నీది నడుం నొప్పి కాదమ్మా, నిద్ర లేని నొప్పి. పరుపు నేనిస్తా, నిద్ర నువ్వే తెచ్చుకోవల్ల. బడి సంగతులు బడిలోనే వదిలేసి రా. రోజూ కాసేపు నీకిష్టమైన పని చేసుకో, ముగ్గో పాటో ఏదో ఒకటి. నెలకొకసారన్నా బస్సెక్కి యాడికైనా పోయి రా. ఊరు మారితే మనిషికి సగం జబ్బు పోతాది."

టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. "మా అమ్మ కూడా నాకిట్లా చెప్పలేదు పెద్దమ్మా."

గోడకు అవతల, లోపలి గదిలో కోడలు మెహతాబ్ ఈ మాటలన్నీ వింటూనే దిండ్లకు దూది కూరుతూ ఉంది. దూది కూరడం, పరుపులు కుట్టడం, తొమ్మిదేళ్ల నుంచి ఆమెకు అదే పని. దూది నూగు గొంతులోకి పోయి పిల్లికూతలు మొదలై రెండేళ్లయింది. పులివెందులలో ఉన్న చెల్లెలు సమీరాను చూసి కూడా రెండేళ్లే. ముందురోజు కూడా అడిగింది, "మూడు రోజులు పోయొస్తా అత్తా" అని. "పెండ్లిళ్ల కాలంలో యాడికి పోతావు మే? ఈ సీజను కానీ" అనింది ఖాతూన్‌బీ. అట్లా అని ఇప్పటికి నాలుగు సీజన్లు పోయినాయి.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పరుపులు అమ్మడానికే, పండుకోవడానికి కాదు. ఖాతూన్‌బీ మొగుడు బతికినన్నాళ్లూ చాప మీదే పండుకున్నాడు, తక్కినవాళ్లూ అంతే. మెహతాబ్ మాత్రం మిగిలిన గుడ్డముక్కలు ఏరి, రంగుకు రంగు కలిపి, దానిమ్మ పూలు పూసినట్టు ఒక పరుపు గలీబు కుట్టి పెట్టెలో దాచుకుంది. దాంట్లోకి దూది నింపే తీరిక ఆమెకు దొరకలేదు.

టీచరమ్మ అట్లా పోయిందో లేదో, కొడుకు రహమాన్ పాత కంబళిముక్క చేతిలో పట్టుకొని బయటికి వచ్చినాడు. పరుపులు కుట్టే పెద్ద సూదులు, దబ్బనాలు, దానికే గుచ్చి పెడతారు.

"అమా, ఆరే ఉండాయి."

ఖాతూన్‌బీ చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. పరుపు చివరి మూల మూసేముందు దబ్బనాలు లెక్కపెట్టాలి, ఏడూ ఉంటేనే మూయాలి. ఇది ఆమె మామ కాలం నుంచి వస్తున్న పద్ధతి. ముందురోజు సాయంత్రం మూసిన రెండు పెండ్లి పరుపులూ తెల్లారే ఆటోలో జమ్మలమడుగు పోయినాయి.

"మెహతాబ్! లెక్క చూసే మూసినావా?" రహమాన్ గొంతు వీధికి వినిపించింది.

ఆమె గడపలోకి వచ్చింది, జుట్టు నిండా దూది. "లేదు."

"లేదా? కొత్త పెండ్లికూతురు పండుకునే పరుపు అది! సూది గుచ్చుకుంటే మన గతేంది? కండ్లు యాడ పెట్టుకొని కుడతాండావు?"

"మూతబడినాయి. మూడు రోజులుగా రెప్ప వాల్చలేదు, కుడతా కుడతానే మూతబడినాయి."

"అలిసిపోతే చెప్పకూడదా మే?" అనింది ఖాతూన్‌బీ.

మెహతాబ్ నవ్వింది. అది ఏడుపు కంటే అన్యాయంగా ఉంది.

"ఇంగ ఎట్లా చెప్పల్ల అత్తా? ఊరు మారితే సగం జబ్బు పోతాదని ఆ టీచరమ్మకు చెప్తివే. ఆ మాట నాకొక్కసారన్నా చెప్పినావా?"

"ఆమె బయటి మనిషి. నువ్వు ఇంటి మనిషివి గదే."

"అవును. ఇంట్లో దాన్ని కాబట్టే నాకు నడుమూ లేదు, నిద్రా లేదు."

ఖాతూన్‌బీ కొడుకు చేతిలోని కంబళిముక్క తీసుకుంది. లేచి చెప్పులేసుకుంది. "పా. పెండ్లి ఎల్లుండి గదా, ఇప్పుడే పోయి తీసొద్దాం."

జమ్మలమడుగు బస్సులో అత్తాకోడళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. ఎప్పుడూ పక్క సీటు వాళ్ల కష్టసుఖాలు అడిగే ఖాతూన్‌బీ ఆ రోజు కిటికీలోంచి శనగ చేలను చూస్తూ కూర్చుంది.

పెండ్లివారి ఇంట్లో పెండ్లికూతురి తల్లి సుబ్బరత్నమ్మ ఎదురొచ్చింది. "ఏంది పరుపులామె, పొద్దున పరుపులు, ఇప్పుడు మనుషులా?"

"కుట్లు ఒకసారి సరిచూద్దామనీ..." అని ఖాతూన్‌బీ నసిగింది.

"కాదక్కా. లోపల దబ్బనం మరిచిపోయినా. తప్పు నాదే" అని మెహతాబ్ చెప్పేసింది.

సుబ్బరత్నమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "నా బిడ్డకు గుచ్చుకొని ఉంటే ఆ పరుపులోనే మిమ్మల్ని చుట్టి పంపిస్తాంటి! తీయండి ముందు."

మెహతాబ్ తడుముకోలేదు. రెండో పరుపు, కాళ్ల వైపు, ఎడమ మూల. కుట్లు విప్పి, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి, కండ్లు మూసుకొని వెతికింది. "ఈడనే నాకు కన్ను మూతబడింది" అంటూ దబ్బనం బయటికి తీసింది. ఖాతూన్‌బీ దాన్ని కంబళిముక్కకు గుచ్చి, ఒకటి నుంచి ఏడు దాకా పైకి లెక్కపెట్టి, మూల తన చేత్తోనే కుట్టింది.

సుబ్బరత్నమ్మకు ఇంకా అనుమానం తీరలేదు. "ఇంగొకటి లేదని ఏం నమ్మకం? ఏమ్మే, నువ్వే పండుకొని ఆ పక్కకు ఈ పక్కకు పొర్లి చూపించు."

మెహతాబ్ అత్త మొహం చూసింది. ఖాతూన్‌బీ తల ఊపింది. ఆమె మెల్లగా పండుకొని ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు పొర్లింది. మూడోసారి పొర్లలేదు. నిద్రపోయింది.

"ఇదేందమ్మా ఇదీ!" అని సుబ్బరత్నమ్మ నోరు తెరిచింది.

"మా ఇంట్లో పరుపు మీద పండుకోము. తొమ్మిదేండ్లుగా కుడతాంది, పండుకోవడం ఇదే మొదలు" అనింది ఖాతూన్‌బీ, చిన్న గొంతుతో.

"తొమ్మిదేండ్లు కుట్టి ఒక్కసారి పండుకోలేదా? ఏం మనుషులు మీరు!"

ఊరందరికీ జవాబు చెప్పే మనిషి కోడలి పక్కన నేల మీద చతికిలబడింది. మెహతాబ్ కనురెప్పల మీద దూది పోగులు, వేళ్ల నిండా సూది గాట్లు. ఎప్పుడో తాను కొత్త కోడలుగా ఉన్నప్పుడు కడప దర్గా ఉరుసుకు పోతానంటే "ఈ సీజను కానీ" అన్న అత్త గుర్తొచ్చింది. ఆ ఏడు తాను వంటింట్లో కూర్చొని ఏడ్చింది. ఇన్నేళ్లకు ఆ అత్త మాటే తన నోట్లోంచి, అదే యాసలో, అదే విసురుతో వస్తూ ఉందని ఇప్పుడు తెలిసింది. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది, నిద్ర చెడకూడదని.

తర్వాత వాకిట్లోకి పోయి కొడుక్కు ఫోన్ చేసింది.

"దొరికిందా అమా?"

"దొరికింది. మేము ఇంటికి రాము నాయనా. పులివెందుల పోతాండాం, సమీరా ఇంటికి. మూడు రోజులు."

"చక్రాయపేట వాళ్లు చెప్పిన పరుపులు ఎవరు కుట్టల్ల?"

"నీకు చేతులు లేవా?"

మధ్యాహ్నం రెండు గంటలకు మెహతాబ్ ఉలిక్కిపడి లేచింది. సుబ్బరత్నమ్మ అప్పటికే రెండు ప్లేట్లలో అన్నం పెట్టి ఉంది. పెన్న వంతెన దాటి ముద్దనూరు మీదుగా బస్సు పోతుంటే, ఇది ప్రొద్దుటూరు దారి కాదని ఆమెకు అర్థమైంది. "అత్తా, యాడికి?" అనింది. ఖాతూన్‌బీ ఆమె జుట్టులోని దూది ఒక్కో పోగూ ఏరుతూ, "నాకు చెప్పడం చేతకాలే మే. అందుకే పిలుచుకోని పోతాండా" అనింది.

నాలుగో రోజు ఇంటికి వచ్చేసరికి రహమాన్ ముక్కుకు తువ్వాలు కట్టుకొని, కళ్లెర్రగా, వాకిట్లో దగ్గుతూ కూర్చున్నాడు.

"మూడు రోజులకే నా గొంతు పట్టేసింది. తొమ్మిదేండ్లు నువ్వెట్లా..." అని ఆగిపోయినాడు. భార్య మొహం చూడలేక లోపలికి చెయ్యి చూపించినాడు.

లోపల, పెట్టెలోంచి బయటికి తీసిన దానిమ్మ పూల గలీబు నిండుగా దూది నింపుకొని పరుచుకొని ఉంది. కుట్లు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మూల వంకర. మెహతాబ్ దాని మీద చెయ్యి ఆడించి అడిగింది.

"దబ్బనాలు లెక్కపెట్టినావా?"

"మూడుసార్లు" అన్నాడు రహమాన్.

మర్నాడు పొద్దున వల్లూరు నుంచి ఎవరో దంపతులు పరుపు కోసం వచ్చి, అరుగు మీద నుంచే "ఖాతూన్‌బీ అత్తా!" అని కేకేసినారు. ఎన్నడూ లేనిది ఆమె మునివేళ్ల మీద నడిచి వచ్చి, నోటి మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా మాట్లాడండి నాయనా. నా కోడలు పండుకోనుండాది."